డ్రమ్ముకు చుట్టని కార్డు

మీరు ఇప్పుడు కంప్యూటర్‌లో ఒక కంపైలర్ పెట్టుకోవాలంటే మీట నొక్కి చాయ్‌కి పోతారు. తిరిగి వచ్చేసరికి అది సిద్ధంగా ఉంటుంది. నా ఉద్యోగంలో నేను మొదటిసారి పెట్టిన కంపైలర్‌కు పదకొండు పనిదినాలు పట్టింది. వాటిలో పది దినాలు పూర్తిగా నా నిర్వాకమే.

ఏ రోజు ఏం చేశానో రాసుకునే అలవాటు నాకు పదిహేనో ఏటి నుంచీ ఉంది. ఆ కంపైలర్ పెట్టిన ఏటి డైరీ ఇప్పుడు నా ముందు తెరిచి ఉంది. కాబట్టి ఇందులో గుర్తు తెచ్చుకుని చెబుతున్నది తక్కువ, చూసి సిగ్గుపడుతూ రాస్తున్నది ఎక్కువ.

అవి ఎనభైల చివరి ఏళ్లు. మాది ఒక ప్రభుత్వ రంగ సంస్థ. పాతబస్తీలో, నయాపూల్ దాటి కొంచెం లోపలికి వస్తే గాజుల దుకాణాల వెనక ఒక పాత రెండంతస్తుల ఇల్లు, అదే మా విభాగం. రిటైరైన కార్మికుల వైద్య కార్డుల జాబితా తయారు చేయడం మా పని. ఎవరు ఏ దవాఖానాకు పోవాలి, ఇంట్లో ఎవరెవరికి మందులు ఇవ్వాలి అన్నది ఆ జాబితా చూసే చెబుతారు. కింది అంతస్తులో పంచ్ హాలు. ఆరుగురు ఆడవాళ్లు వరుసగా కూర్చుని అట్టకార్డుల మీద పేర్లు, నంబర్లు రంధ్రాలుగా కొడుతుంటే వీధిలోకి కూడా చప్పుడు వినిపించేది. నేను పై అంతస్తులో ప్రోగ్రాములు రాసేవాణ్ణి. కార్డులు, ప్రోగ్రాములు కట్టగట్టి హెడ్డాఫీసు పెద్ద యంత్రానికి పంపితే జాబితా అచ్చయి వచ్చేది.

ఆ ఏడు మాకు ప్రింటర్‌తో సహా ఒక డెస్క్‌టాప్ కంప్యూటర్ ఇచ్చారు. దాన్ని కింద, పంచ్ హాల్లోంచి గుమ్మం గుండా కనిపించే పక్క గదిలో పెట్టాం. హార్డ్ డిస్క్ లేదు, రెండు ఫ్లాపీ డ్రైవులు మాత్రమే. అలాంటి యంత్రం తన లోపల ఏమీ దాచుకోదు. పొద్దున దాన్ని లేపాలంటే ఆపరేటింగ్ సిస్టం ఉన్న ఫ్లాపీ పెట్టి స్విచ్ వేయాలి. లేచాక ఆ ఫ్లాపీ తీసేసి మన పని ఫ్లాపీలు పెట్టుకోవచ్చు. కరెంటు పోతే మళ్లీ మొదటి నుంచి.

యంత్రాన్ని లేపే ఆ ఫ్లాపీ మా సూపరింటెండెంట్ సాబ్ కస్టడీలో ఉండేది. ఆయన శేర్వానీ జేబులో గొలుసుకు వేలాడే తాళంచెవి, గదిలో ఇనుప అలమరా, అలమరాలో ఒక కవరు, కవరు లోపల ఫ్లాపీ. దాని మీద ఎవరూ ఏమీ రాయకుండా అంచున ఉండే గాటుకు చిన్న కాగితం అతికించి, ఆ కాగితం మీద అడ్డంగా సంతకం పెట్టారు. రోజూ పొద్దున స్వయంగా వచ్చి, ఫ్లాపీ పెట్టి యంత్రాన్ని లేపి, ఫ్లాపీ తీసి, రిజిస్టర్‌లో రాసుకుని వెళ్లేవారు. నవ్వకండి. పదేళ్ల కిందట ఆయన బల్ల మీంచి ఎవరో ఆఫీసు రబ్బరు ముద్ర తీసుకుపోయి వాడుకున్నారు. తన తప్పు ఏమీ లేకపోయినా ఆ మనిషి రెండేళ్లు విచారణకు తిరిగారు. అప్పటి నుంచి ఆయన చేతికి వచ్చిన వస్తువు ఆయన చేతిలోనే ఉండేది. అంత నిష్ఠగా పని చేసినవారిని నేను తర్వాత ఎక్కువమందిని చూడలేదు.

యంత్రంతో పాటు హెడ్డాఫీసు నుంచి ఒక ఉత్తరం కూడా వచ్చింది. కార్డు యంత్రాలను నెలాఖరుకు తీసేస్తారు. ఆ లోపు జాబితా కొత్త కంప్యూటర్ మీద తయారవుతుందని చూపిస్తే విభాగం ఇక్కడే ఉంటుంది, పంచ్ ఆపరేటర్లు దాని మీదే పని చేస్తారు. చూపించలేకపోతే పని మొత్తం హెడ్డాఫీసుకు, ఆరుగురు ఆడవాళ్లూ ఊరి అవతలి గోదాముల ఆఫీసుకు.

ఆ ఆరుగురిలో పెద్దావిడను అందరం అక్కా అనేవాళ్లం. మలక్‌పేటలో రేసుకోర్సు వెనక గల్లీలో వాళ్లది తాతల నాటి పాల వ్యాపారం. తెల్లారకముందే నాలుగు బర్రెలను పిండి, వాడుక ఇళ్లకు పాలు పోసి, స్నానం చేసి, పదింటికల్లా హాల్లో తన యంత్రం ముందు ఉండేది. సాయంత్రం మళ్లీ బర్రెల దగ్గరకు. గోదాముల ఆఫీసంటే రెండు బస్సులు. పోను రాను మూడున్నర గంటలు.

"పంపిస్తే ఏం చేస్తవక్కా?" అని అడిగాను.

"చేసుడేముంది సారూ. నౌకరన్న ఇడవాలె, బర్రెలనన్న అమ్మాలె. బర్రెలు నా చెయ్యి తగుల్తెనే పాలిస్తయి. ఆఫీసుకు నా చెయ్యి లేకున్నా నడుస్తది." తల ఎత్తకుండా కార్డులు కొడుతూనే చెప్పింది. పదిహేనేళ్ల నౌకరీ ఆమెది.

ఇక ఆ పదకొండు రోజుల సంగతి.

మనం రాసిన ప్రోగ్రాంను యంత్రం నడపగల రూపంలోకి మార్చేది కంపైలర్. అది లేకపోతే ఆ డెస్క్‌టాప్ మాకు ఒక బరువైన డబ్బా. అయిదు ఫ్లాపీలు, ఇటుకంత మాన్యువల్‌తో అది మా చేతికి వచ్చింది. మొదటి రోజు మాన్యువల్ ముప్పై పేజీలు చదివి, చెప్పినట్టే చేసి, నాలుగు వరుసల చిన్న ప్రోగ్రాం ఇచ్చాను. చక్కగా మార్చి ఇచ్చింది. వెంటనే మా జాబితా ప్రోగ్రాం ఇచ్చాను. సగం దూరం పోయి ఆగిపోయింది. తెర మీద ఇంగ్లీషులో ఒక ముక్క: చాలా ఎక్కువ ఫైళ్లు తెరిచి ఉన్నాయి, ఇక తెరవలేను.

హాల్లో అందరికంటే చిన్నావిడ, నోరు ఊరుకోని పిల్ల, ఆ ముక్క చదివి గట్టిగా నవ్వింది. "సారూ, అది మన సాబ్ టేబుల్ చూసి చెప్తున్నట్టుంది."

మాన్యువల్లో దానికి మందు ఉంది. యంత్రం లేచేటప్పుడు చదువుకునే చిన్న ఫైలు ఒకటుంటుంది. ఒకేసారి ఇరవై ఫైళ్లు తెరవడానికి చోటు పెట్టుకో అని అందులో ఒక వరుస రాయాలి. రాయకపోతే యంత్రం ఎనిమిదితో సరిపెట్టుకుంటుంది, వాటిలో అయిదు తన సొంత అవసరాలకే ఉంచుకుంటుంది. మా ప్రోగ్రాంను మార్చాలంటే కంపైలర్ ఒకేసారి ఆరేడు తెరవాలి. విషయం అర్థమైంది. ఆ వరుస రాసి కంపైలర్ ఫ్లాపీలో పెట్టాను. రోజంతా డ్రైవులో ఉండేది ఆ ఫ్లాపీయే కదా.

మళ్లీ లేపితే గాని యంత్రం దాన్ని చదవదు. లేపాలంటే సాబ్ రావాలి. ఊరికే కవరు తీయడం ఆయనకు ఇష్టం ఉండదు. అందుకని రోజుకు ఒక్క మార్పు, మరునాడు పొద్దున ఫలితం. ఆ పద్ధతి నాకు నచ్చింది కూడా. ఒకేసారి రెండు మార్చకూడదని నేనే అందరికీ చెప్పేవాణ్ణి.

రెండో రోజు: ఇరవై అని రాసింది పనిచేయలేదు. మూడో రోజు: ముప్పై. నాలుగో రోజు: నలభై. అయిదో రోజు పేజీలో "తొంభై తొమ్మిది" అని రాసి, పక్కన నేనే ఒక ప్రశ్నార్థకం పెట్టుకున్నాను. తొంభై తొమ్మిదికీ అదే జవాబు.

ఆరో రోజు, యంత్రం అమ్మిన కంపెనీ ఇంజనీరును పిలిపించాను. ఆయన తోలు సంచీలోంచి తన ఫ్లాపీలు తీసి, యంత్రాన్ని లేపి, తన కంపైలర్ పెట్టి, మా ప్రోగ్రాం ఇచ్చాడు. మొదటి దెబ్బకే అయిపోయింది. యంత్రం బాగుందని కాగితం మీద నాతో సంతకం పెట్టించుకుని వెళ్లిపోయాడు. ఆయన వీధి మలుపు తిరిగాక సాబ్ వచ్చి మా పద్ధతిలో లేపారు. నేను మా కంపైలర్ పెట్టాను. మళ్లీ ఆగింది.

"ఇంజనీర్ సాబ్‌ను చూసి భయపడ్డది సారూ," అంది ఆ చిన్నావిడ. "మీకు అస్సలు భయపడతలేదు."

నేను డైరీలో రెండు నిలువు గీతలు గీసి ఆలోచించాను. ఆయన వాడిన యంత్రం మాదే, ప్రోగ్రాం మాదే, కంపైలర్ ఫ్లాపీలు మాత్రం ఆయనవి. కాబట్టి లోపం మా కంపైలర్ ఫ్లాపీలది. తర్కం ఎంత బాగుందో చూడండి. కొత్త ఫ్లాపీల కోసం ఉత్తరం రాశాను, ఫోన్ చేశాను, మూడు రోజులు ఎదురుచూశాను. పదో రోజు అవి వచ్చాయి. వాటితోనూ అదే చోట ఆగింది.

మరునాడు గురువారం. కొత్త యంత్రం మీద జాబితా వస్తుందో లేదో చూడడానికి శుక్రవారం పొద్దున పదకొండింటికి హెడ్డాఫీసు నుంచి పెద్దసారు వస్తున్నారు. నాకు చేయడానికి ఇంకేమీ మిగల్లేదు. భోజనాల వేళ హాల్లో ఒక మూల కూర్చుని టిఫిన్ డబ్బా మూత కూడా తీయలేదు.

అక్క తన డబ్బా పట్టుకుని వచ్చి ఎదురుగా కూర్చుంది.

"సారూ, ఒక మాట అడుగుత. కోపానికి రావద్దు."

"అడుగక్కా."

"ఆ ఇరవయ్యో ముప్పయ్యో రాసిండ్రు కదా. అది మిషిన్ ఎప్పుడు చదువుతది?"

"లేచేటప్పుడు."

"ఎప్పుడు లేచినా చదువుతదా? నడుమల చదవదా?"

"నడుమల చదవదు. ఒక్కసారే."

"మంచిది. లేచేటప్పుడు దాని నోట్లె ఉన్నది ఎవరి ఫ్లాపీ?"

ఆమె నా మొహం వంక చూడకుండా అన్నం కలుపుకుంటూ చెప్పింది.

"మా పంచ్ మిషిన్లకు డ్రమ్ము ఉంటది చూడుండ్రి. దానికి ఒక కార్డు చుడతం. ఏడ ఆగాలె, ఏడ దుంకాలె అన్నది మిషిన్ ఆ కార్డు చూసే తెలుసుకుంటది. కొత్తగ వచ్చిన పిల్లలు కొత్త కార్డు తయారు చేస్తరు. తయారు చేసి ట్రేల పెట్టుకుంటరు. డ్రమ్ముకు పాత కార్డే ఉంటది. ఇగ మిషిన్ ఖరాబైందని లొల్లి. డ్రమ్ముకు చుట్టని కార్డు ఎంత మంచిగ కొట్టినా ఏం ఫాయిదా? మీరు రాసింది మీ ఫ్లాపీల ఉంది. పొద్దుగాల సాబ్ తన ఫ్లాపీతోని లేపి, తీస్కపోయి అల్మారాల పెడుతుండు. ఆ ఇంజనీర్ తన ఫ్లాపీతోనే లేపిండు, తన దాంతోనే నడిపిండు."

ఇంజనీరు తన సంచీలోంచి తీసిన ఫ్లాపీలలో యంత్రాన్ని లేపినదీ ఒకటి. నా నిలువు గీతల్లో దానికి చోటే ఇవ్వలేదు.

"ఎన్ని రోజులాయె నీకు తెలిసి?" అన్నాను.

"నిన్ననే. కొత్త ఫ్లాపీలు పెట్టినా ఆగింది చూడుండ్రి, అప్పుడు అనిపించింది. రాత్రి బర్రెల దగ్గర మళ్ల ఒకసారి అంతా తిప్పి చూసుకున్న. మీరు ఇంత చదువుకున్నోళ్లు, మీకు తెల్వదా అని ఆగిన."

ఇద్దరం కలిసి సాబ్ గదికి వెళ్లాం. సంగతి మొత్తం చెప్పాను. ఆ ఫ్లాపీలో ఒక్క వరుస రాయాలి, అంతే అన్నాను. ఆయన కుర్చీలో నిటారుగా అయ్యారు.

"క్యా బాత్ కర్తే భాయ్! అసల్ మీద రాస్తరా? నా దస్తఖత్ ఉన్న కాగజ్ చింపుతరా? రేపు ఎవడన్న అడిగితె నేనేం జవాబ్ చెప్పాలె?"

నేను మాన్యువల్ తెరిచి పేజీ చూపించబోయాను. ఆయన చేత్తో పక్కకు నెట్టేశారు. పది నిమిషాలు అటూ ఇటూ వాదించాం. నేను యంత్రం సంగతి చెబుతున్నాను, ఆయన కస్టడీ సంగతి చెబుతున్నారు. రెండూ నిజమే, ఒకదానికొకటి తగలడం లేదు.

అక్క తలుపు దగ్గర నిలబడి ఉంది. "సాబ్," అంది మెల్లగా, "మన ఆఫీసుల అసల్ కాగితం ఎవరికీ ఇయ్యం కదా. నకల్ తీసి, మీరు సంతకం పెట్టి ఇస్తరు. ఆ నకల్ అంతటా చెల్లుతది. దీనికి కూడా ఒక నకల్ తీసి మీరు సంతకం పెడితె? అసల్ మీ అల్మారాలనే ఉంటది. కవర్ సుద్ధ అట్లనే ఉంటది."

ఆయన గొలుసు లాగి తాళంచెవి బయటికి తీశారు. "యే బాత్ పహ్లే క్యూ నై బోలే?" అని నన్నే కోప్పడ్డారు. ముందే ఎందుకు చెప్పలేదని.

నకలు తీయడానికి అయిదు నిమిషాలు కూడా పట్టలేదు. అది బయటికి రాగానే సాబ్ పెన్ను తీసి ఫ్లాపీ మీదికి వంగారు. ఆ మెత్తటి ఫ్లాపీ మీద పెన్ను ఒత్తి రాస్తే లోపలి పళ్లెం పాడైపోతుంది. నేను ఆపేలోపే అక్క అరిచింది.

"ఠైరో సాబ్! మొదలు కాగితం మీద పెట్టుండ్రి. తర్వాత అతికిస్త."

ఆయన బుద్ధిగా లేబుల్ కాగితం మీద ఉర్దూలో ఒకసారి, ఇంగ్లీషులో ఒకసారి సంతకం పెట్టి, అసలుకు సరైన నకలు అని రాసి, ఆఫీసు ముద్ర కూడా వేశారు. ఆమె దాన్ని అతికించింది. నేను అందులో ఆ ఒక్క వరుస రాశాను. తొంభై తొమ్మిది కాదు, మాన్యువల్ చెప్పిన ఇరవై. సాబ్ ఆ నకలుతో యంత్రాన్ని లేపారు. నేను మా కంపైలర్ పెట్టి జాబితా ప్రోగ్రాం ఇచ్చాను. రోజూ ఆగే చోటు వచ్చింది. ఆగలేదు. హాల్లో ఆరు పంచ్ యంత్రాల చప్పుడు ఎప్పుడు ఆగిందో నేను గమనించలేదు. వెనక్కి తిరిగితే అందరూ గుమ్మంలో ఉన్నారు.

అక్కడితో అయిపోయిందనుకున్నాను.

శుక్రవారం పదకొండింటికి రావాల్సిన పెద్దసారు రాలేదు. పన్నెండు దాటింది. పన్నెండున్నరకు కరెంటు పోయింది, తెర నల్లబడింది. సాబ్ జుమా నమాజుకు బయలుదేరే వేళ. అంత వరకు ఒక్క శుక్రవారం కూడా ఆయన ఆలస్యంగా వెళ్లడం నేను చూడలేదు. నకలుకు కూడా ఆయన అసలుకు ఇచ్చిన మర్యాదే ఇచ్చారు, అదీ అలమరాలోనే ఉంది. ఆయన మసీదులో ఉండగా కరెంటూ, పెద్దసారూ ఒకేసారి వస్తే మేము నల్ల తెర చూపిస్తూ నిలబడాలి.

అందరం ఆయన వంక చూశాం. ఆయన గడియారం చూసుకున్నారు. అలమరా తెరిచి, ముద్ర ఉన్న ఆ నకలు తీసి, రిజిస్టర్ పట్టుకుని హాల్లోకి వచ్చారు. నేను చేయి చాచాను. ఆయన నన్ను దాటి వెళ్లి అక్క ముందు రిజిస్టర్ పరిచారు.

"ఇక్కడ సైన్ చెయ్యమ్మా."

"నేనా సాబ్? సారు ఉన్నరు కదా."

"ఆయనకు ప్రోగ్రాం తెలుస్తది. నీకు జిమ్మేదారి తెలుస్తది. జల్దీ చెయ్, నమాజ్‌కు లేట్ అయితది."

జిమ్మేదారి అంటే బాధ్యత. పదేళ్లు విచారణ భయంతో బతికిన మనిషి ఒక వస్తువును మొదటిసారి ఇంకొకరి చేతికి ఇవ్వడం అది. ఆమె చేతులు చీర కొంగుకు తుడుచుకుని సంతకం పెట్టింది. ఫ్లాపీని రెండు అరచేతుల మధ్య, పొదుగు కింది నుంచి నిండు చెంబు తీసినంత జాగ్రత్తగా పట్టుకుంది.

ఒంటిగంటకు కరెంటు వచ్చింది. పావుగంటకు జీపు చప్పుడు. పెద్దసారు తెల్ల చొక్కా, చేతిలో ఫైలు, మొహంలో చిరాకు. "ఎక్కడుంది యంత్రం? ఎవరు చూపిస్తారు?" అన్నారు.

ముందురోజు రాత్రి కూర్చుని నేను ఒక చిన్న ఉపన్యాసం తయారు చేసుకున్నాను. అది నా జేబులోనే ఉంది. అక్క అప్పటికే యంత్రం ముందు కూర్చుని ఉంది. నకలు పెట్టి స్విచ్ వేసింది. యంత్రం లేచింది. నకలు తీసి ఒళ్లో పెట్టుకుని, కంపైలర్ పెట్టి ప్రోగ్రాం ఇచ్చింది. అది అయ్యాక, హెడ్డాఫీసు యంత్రంతో పాటు పంపిన పేర్ల ఫ్లాపీ పెట్టింది. ప్రింటర్ గరగరమంటూ కదిలింది. వరుస వెంట వరుస, దవాఖానా వారీగా, రిటైరైన కార్మికుల పేర్లు కాగితం మీద దిగుతుంటే పెద్దసారు ఒంగి చూశారు.

"ఈ యంత్రం ఎవరి చార్జిలో ఉంది?" అన్నారు.

"ఈమె చార్జిలో," అన్నాను నేను. ఆ రోజు నేను చేసిన మంచి పని అదొక్కటే.

"అయితే దీన్ని ఇక్కడి నుంచి కదిలించడం ఎందుకు?" అని ఆయన ఫైలులో ఏదో రాసుకుని, చాయ్ కూడా తాగకుండా వెళ్లిపోయారు. ఆరుగురు ఆడవాళ్లూ ఒక్కసారే మాట్లాడడం మొదలుపెట్టారు. చిన్నావిడ కార్డుల ట్రే మీద దరువు వేసింది. అక్క మాత్రం గోడ గడియారం చూసి, "ఇయ్యాల పెద్ద బర్రె ఈనేటట్టుంది, జర తొందరగ పోత సారూ," అంది. ఇక ఆ బర్రెలను అమ్మాల్సిన పని లేదని అందరికీ తెలుసు.

సాబ్ నమాజు నుంచి వచ్చి గుమ్మంలోనే అడిగిన మొదటి ప్రశ్న, "నా నకల్ ఏది?" ఆమె ఒళ్లోంచి తీసి ఇచ్చింది. ఆయన లేబుల్ మీద ముద్ర చూసుకుని, రిజిస్టర్‌లో వాపసు అని రాయబోయి ఆగిపోయారు. కలం మూత పెట్టారు. "నీ దగ్గరే ఉండనీయ్," అని తన గదికి వెళ్లిపోయారు.

ఆ సాయంత్రం ఇంటికి వచ్చి డైరీ మొదటి నుంచి చదివాను. మొదటి రోజు నుంచి పదకొండో రోజు దాకా ప్రతి పేజీ ఒకే వాక్యంతో మొదలవుతుంది: "10.35. సాబ్ యంత్రాన్ని లేపి, ఫ్లాపీ తీసుకుని వెళ్లారు." కింద నా మార్పులు, నా సంఖ్యలు, నా గీతలు, నా తర్కం. జవాబును రోజూ నా చేత్తోనే మొట్టమొదట రాసుకుని, అది రోజూ జరిగేదే కదా అని దాని కింద వెతకడం మొదలుపెట్టాను. అక్క నా డైరీ ఎప్పుడూ చదవలేదు. హాల్లో తన యంత్రం ముందు కూర్చుని కళ్లతో చూసింది.

శనివారం ఆమె స్టీలు గిన్నెలో జున్ను తెచ్చింది. సాబ్ రెండుసార్లు వడ్డించుకున్నారు. ఆ రోజు పేజీ మొదటి వాక్యం ఇలా ఉంది: "10.05. అక్క యంత్రాన్ని లేపింది." ఆ తర్వాత ఆ యంత్రం మూలపడేదాకా, నా డైరీలో పని రోజులన్నీ ఆ వాక్యంతోనే మొదలయ్యాయి. సాబ్ వచ్చేదాకా ఆగాల్సిన అర్ధగంట కూడా మాకు కలిసొచ్చింది.